దార్ ఎస్ సలాంలో రోజువారీ ఖర్చు: కొత్తగా వచ్చినవారికి సూచనలు

ఉద్యోగరీత్యా టాంజానియా వచ్చి దార్ ఎస్ సలాంలో కాపురం పెట్టే తెలుగువారు మొదట్లో తిండి ఖర్చు గురించే ఎక్కువగా ఆందోళన పడతారు గాని, ఈ నగరంలో రోజు లెక్కను తారుమారు చేసేది దారి ఖర్చు. కనుక ఇల్లు చూసుకునేటప్పుడే, అక్కడి నుంచి ఆఫీసుకు ఏ బండి దొరుకుతుందో, ఎంత అవుతుందో తెలుసుకుని, ఆ తర్వాతే అద్దె మాట్లాడుకోవడం మంచిది.

డలాడలా అనే చిన్న బస్సుల్లోనూ, 2016లో మొదలై మొరొగోరో రోడ్డు మీద తమకంటూ వేరే దారి ఉన్న మ్వెండోకాసి బస్సుల్లోనూ నగరంలో మామూలు దూరానికి వెయ్యి షిల్లింగుల (ఇక్కడి కరెన్సీ) లోపే అవుతుంది. బజాజీ అని పిలిచే ఆటో ఎక్కితే అదే దూరానికి అనేక రెట్లు పెట్టవలసి వస్తుంది. పైగా ఎక్కకముందే బేరం కుదుర్చుకోకపోతే దిగేటప్పుడు వాదన తప్పదు. డలాడలా కండక్టరు మాట్లాడడు, గుప్పిట్లో నాణేలు గలగలలాడిస్తూ పక్కన నిలబడతాడు. అదే టికెట్టు డబ్బు అడగడం. పొద్దున్నే పదివేల నోటు, అంటే ఇక్కడి అతి పెద్ద నోటు, చేతికిస్తే చిల్లర దొరకదు కాబట్టి ముందురోజు రాత్రే చిల్లర సిద్ధం చేసుకోవాలి.

మార్చి నుంచి మే వరకు పెద్ద వానల కాలం. మొరొగోరో రోడ్డు మీదున్న జంగ్వానీ పల్లంలో వరద చేరి బస్సులు నిలిచిపోయిన సందర్భాలు ఉన్నాయి గనుక, ఆ నెలల్లో టాక్సీల కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోవడం తప్పనిసరి.

తిండికి అంత భయపడనవసరం లేదు. వీధి పక్క వంట చేసే మామా న్తిలియేల దగ్గర అన్నం, రాజ్మా, తోటకూర కలిపి పెట్టే పళ్లెం మధ్యాహ్నానికి సరిపోతుంది, శాకాహారులకూ ఇబ్బంది ఉండదు. పప్పులు, మసాలాలు ఉపాంగా, కిసుటు ప్రాంతాల్లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి.

ఫోన్ ద్వారా డబ్బు చెల్లించే ఎం-పెసా వంటి సేవలు ఇక్కడ అందరూ వాడతారు. అయితే పంపినప్పుడూ, ఏజెంటు దగ్గర నగదు తీసుకున్నప్పుడూ రుసుము పడుతుంది. రోజూ కొద్దికొద్దిగా తీసుకునేవారు నెలాఖరుకు ఎంత పోగొట్టుకున్నారో గమనించరు. వారానికి ఒకసారి తీసుకోవడం నయం.

జాంజిబార్ దీవి ప్రయాణాన్నీ, జాతీయ ఉద్యానాల సందర్శననూ రోజువారీ లెక్కలో కలపకండి. ఫెర్రీలోనూ, ఉద్యానాల్లోనూ విదేశీ పర్యాటకులకు ధర ఎక్కువ, నివాస అనుమతి ఉన్నవారికి తక్కువ. 2024 అక్టోబరు నుంచి జాంజిబార్ వెళ్లే విదేశీ సందర్శకులు అక్కడి ప్రయాణ బీమా కూడా కొనవలసి ఉంది. కాబట్టి అనుమతి పత్రం చేతికి వచ్చేవరకు సఫారీని వాయిదా వేయండి. వెళ్లేటప్పుడు అసలు పత్రాన్ని వెంట ఉంచుకోండి.