చలికి కారు వాషర్ పనిచేయడం లేదా? ఐస్ ఎక్కడ కట్టిందో ముందు పట్టుకోండి

ముందు వెళ్తున్న లారీ చక్రాల నుంచి ఉప్పు, బురద కలిసిన మంచునీళ్లు లేచి అద్దం మీద పడతాయి. వైపర్ ఒక్కసారి తిరిగేసరికి ఆ మురికి అద్దమంతా పరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్ నొక్కితే చుక్క కూడా రాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. రోడ్డు కనపడకుండా గడిచే రెండు మూడు సెకన్లు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే దీన్ని చిన్న రిపేరు కింద తీసిపారేయకూడదు.

చాలామంది చేసేది రెండే పనులు: వేడినీళ్లు పోయడం, లేదంటే చలికి ఆగేలా ఆల్కహాల్ కలిపిన కొత్త వాషర్ ఫ్లూయిడ్ బాటిల్ కొని ట్యాంక్‌లో వంచేయడం. మొదటిది అద్దానికే ముప్పు. రెండోది మంచిదే, కానీ చాలాసార్లు ఫలితం ఉండదు. ఎందుకంటే ఐస్ కట్టేది ఒక్క ట్యాంక్‌లోనే కాదు. ద్రవం వెళ్లే దారి చూడండి: ట్యాంక్, దాని అడుగున చిన్న మోటార్, అక్కడి నుంచి బానెట్ కిందుగా పోయే సన్నటి పైపు, చాలా కార్లలో ద్రవం వెనక్కి జారకుండా ఆపే చిన్న వాల్వ్, చివర ద్రవాన్ని చిమ్మే నాజిళ్లు, ఆ తర్వాత అద్దం. వీటిలో ఎక్కడ గడ్డకట్టిందన్న దాన్ని బట్టే మందు మారుతుంది.

మొదటి పరీక్షకు పనిముట్లేమీ అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. రేడియో, ఏసీ ఫ్యాన్ ఆపేసి వాషర్ లీవర్‌ని ఒక్క సెకను లాగి వినండి. మోటార్ తిరిగే సన్నటి శబ్దం వచ్చిందా, లేదా? ఇక్కడి నుంచి దారులు చీలతాయి.

శబ్దం వస్తోంది, నీళ్లు రావడం లేదు

ట్యాంక్ మూత తీసి టార్చ్ వేసి చూడండి. ఖాళీగా ఉంటే సంగతి అక్కడితో తేలిపోయింది. పైన ఐస్ పలకలా కనిపిస్తే ట్యాంకే గడ్డకట్టింది. ద్రవం మామూలుగా కదులుతుంటే అడ్డంకి పైపులోనో నాజిల్‌లోనో ఉన్నట్టు.

నాజిల్ అయితే పని తేలిక. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డని దాని మీద ఒకటి రెండు నిమిషాలు అదిమి పట్టుకోండి. లేదా అద్దం మీది మంచు కరిగించే డీఐసర్ స్ప్రేని నేరుగా నాజిల్ రంధ్రం మీద కొట్టి కాసేపు ఆగండి. ఐస్ ఉండగా పిన్నుతో పొడవొద్దు. రంధ్రం పాడవుతుంది, ధార పడే కోణం కూడా మారిపోతుంది.

పైపులో గడ్డకడితే ఓపిక పట్టాల్సిందే. ఇంజిన్ నడుస్తుంటే బానెట్ కింద వేడి పెరిగి అక్కడి పైపులో ఐస్ కరగొచ్చు. కానీ చాలా కార్లలో ట్యాంక్ ముందు బంపర్ వెనకో, చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ చాటునో ఉంటుంది. అక్కడికి ఇంజిన్ వేడి పెద్దగా చేరదు. గంటసేపు డ్రైవ్ చేసినా ట్యాంక్‌లో ఐస్ అలాగే ఉండటానికి కారణం ఇదే. దానికి నమ్మకమైన ఉపాయం, కారుని వెచ్చగా ఉండే పార్కింగ్‌లో కొన్ని గంటలు వదిలేయడం. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వెచ్చబరచాలని మాత్రం చూడకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఈలోగా లీవర్‌ని పదే పదే లాగడం మానుకోండి. ముందు ఐస్ అడ్డుగా ఉండగా మోటార్ నెడుతూ ఉంటే పైపు జాయింట్ ఊడిపోతుంది. అప్పుడు ఐస్ కరిగినా నీళ్లు అద్దం మీదకు రావు, బానెట్ లోపలే కారిపోతాయి.

మరిగే నీళ్లు అసలే వద్దు. గడ్డకట్టే చలిలో ఉన్న అద్దానికి ఒక్కసారిగా వేడి తగిలితే ఉన్న చిన్న గాటు పెద్ద పగులవుతుంది. కిందికి కారిన నీళ్లు వైపర్ల అడుగున చేరి మళ్లీ గడ్డకడతాయి కూడా.

శబ్దమే లేదు

మోటార్ లోపలి చిన్న ఫ్యాను ఐస్‌లో ఇరుక్కుపోయి ఉండొచ్చు. తిరగలేని మోటార్ మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఫ్యూజ్ పోతుంది. కాబట్టి ఇక్కడ వరస ముఖ్యం. ముందు పూర్తిగా కరగనివ్వండి, ఆ తర్వాతే ఫ్యూజ్ చూడండి. ఐస్ ఉండగానే కొత్త ఫ్యూజ్ వేస్తే అదీ పోతుంది. వేసే ఫ్యూజ్ కూడా పాతదానికి ఎన్ని యాంప్స్ ఉంటే అన్నే ఉండాలి. కరిగాక కూడా ఫ్యూజ్ పోతుంటే మోటార్‌ని కానీ దాని వైరింగ్‌ని కానీ అనుమానించాలి. ఫ్యూజ్ బాగానే ఉండి శబ్దం లేకపోతే, ఎవరినైనా లీవర్ లాగమని మోటార్ కనెక్టర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయేమో మీటర్‌తో చూడండి. వస్తుంటే మోటారే మార్చాలి.

చలికాలం ఫ్లూయిడ్ పోశాను, అయినా గడ్డకట్టింది

ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. కారణాలు సాధారణంగా రెండు.

ఒకటి, ట్యాంక్‌లో పాత నీళ్లు మిగిలి ఉండటం. 4 లీటర్ల ట్యాంక్‌లో 2 లీటర్ల మామూలు నీళ్లు ఉన్నాయనుకోండి. దాని మీద మైనస్ 20 డిగ్రీలు అని రాసి ఉన్న ఫ్లూయిడ్ 2 లీటర్లు పోస్తే వచ్చేది మైనస్ 20 కాదు. ఎథనాల్ రకమైతే దాదాపు మైనస్ 8 దగ్గరే ఐస్ మొదలవుతుంది. నీళ్లలో పరిమాణం ప్రకారం ఎథనాల్ 20 శాతం ఉంటే సుమారు మైనస్ 9 వరకు, 30 శాతం ఉంటే మైనస్ 15 వరకు, 40 శాతం ఉంటే మైనస్ 23 వరకు గడ్డకట్టకుండా ఉంటుంది. చలి ముదిరే కొద్దీ ఆల్కహాల్ ఎక్కువ కావాలన్నమాట. కాన్సంట్రేట్ (నీళ్లు కలిపి వాడే చిక్కటి ఫ్లూయిడ్) కొంటే బాటిల్ వెనక పట్టికలో మీ చలికి తగ్గ పాళ్లు చూసి, బయటే కలిపి పోయండి. ట్యాంక్‌లో ఎంత నీరుందో తెలియకుండా కాన్సంట్రేట్ వంచితే లెక్క అందదు.

రెండోది, చాలామందికి తట్టనిది. ట్యాంక్‌లో కొత్త ఫ్లూయిడ్ ఉన్నా పైపులో మాత్రం వేసవి నాటి నీళ్లే నిలిచి ఉంటాయి. వాల్వ్ ఉన్న కార్లలో అవి వెనక్కి జారిపోవు కూడా. మొదటి చలి రాత్రికి గడ్డకట్టేది ఆ నీళ్లే. కాబట్టి కొత్తది పోసిన వెంటనే, చలి ముదరకముందే, నాజిళ్ల నుంచి కొత్త ఫ్లూయిడ్ రంగు, వాసన వచ్చే దాకా వాషర్ నడపాలి. ఒకేసారి ఐదారు సెకన్లు, మధ్యలో కాస్త విరామం. ముందు అద్దానికి ఒకసారి, వెనక అద్దానికి ఒకసారి, హెడ్‌లైట్ వాషర్లుంటే వాటికీ.

ట్యాంక్‌లో ఉన్నది ఎంత చలికి ఆగుతుందో తెలుసుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంటి ఫ్రీజరే. నాజిల్ నుంచి వచ్చిన ద్రవాన్ని చిన్న ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు పట్టి, మూత గట్టిగా బిగించి రాత్రంతా ఉంచండి. ఫ్రీజర్లు సాధారణంగా మైనస్ 18 దగ్గర ఉంటాయి. పొద్దున్నకి నీళ్లలాగే కదిలితే మంచిది. ముద్దముద్దగా మారితే ట్యాంక్ ఖాళీ చేసి మళ్లీ నింపాలి. సీసా మీద పేరు రాయడం మర్చిపోకండి, పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి. ఇంజిన్ కూలెంట్ చూసే మీటర్‌తో మాత్రం దీన్ని కొలవొద్దు. ఆ కొలబద్ద కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కోసం వేసింది, ఆల్కహాల్‌కి తప్పు అంకె చూపిస్తుంది.

బయల్దేరినప్పుడు బాగానే వచ్చింది, రోడ్డు మీద ఆగిపోయింది. లేదా కొట్టిన ఫ్లూయిడే అద్దం మీద గడ్డకట్టింది

బాటిల్ మీద మైనస్ 20 అని ఉంది, బయట మైనస్ 10 మాత్రమే. మరి ఎలా గడ్డకట్టింది? ఇంజెక్షన్ ముందు చర్మానికి స్పిరిట్ రాస్తే చల్లగా అనిపిస్తుంది కదా, కారణం అదే. ఆల్కహాల్ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. వేగంగా తగిలే గాలికి నాజిల్ అంచున, అద్దం మీద ఉన్న పల్చటి పొరలో నుంచి ఆల్కహాల్ ముందు ఎగిరిపోతుంది. మిగిలింది చల్లబడిన, నీరు ఎక్కువైన ద్రవం. అది గడ్డకట్టడానికి మైనస్ 20 అవసరం లేదు. దీనికి తోడు ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో ఆరుబయట పెట్టిన కారు అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉంటుంది.

అందువల్ల ఫ్లూయిడ్ ఎంచుకునేటప్పుడు మీరు ఎదుర్కొనే చలి కన్నా కనీసం 10 డిగ్రీలు దిగువకు పనిచేసేది తీసుకోండి. ఇంకో అలవాటు కూడా కావాలి: డీఫ్రాస్ట్ (అద్దం మీదకు వేడిగాలి ఊదే సెట్టింగ్) పెట్టి అద్దం లోపలి నుంచి వెచ్చబడే దాకా వాషర్ ముట్టుకోవద్దు. చల్లటి అద్దం మీద ఫ్లూయిడ్ కొడితే రెండు మూడు సెకన్లలో తెల్లటి పొర కట్టి ఎదురుగా ఏమీ కనపడకుండా పోతుంది. హైవే మీద ఇలా జరిగితే వాషర్ మళ్లీ కొట్టకండి. నెమ్మదిగా వేగం తగ్గించి, డీఫ్రాస్ట్ ఫుల్‌లో పెట్టి, సురక్షితమైన చోట ఆగండి.

హీటెడ్ నాజిళ్లు ఉన్న కారులో ఈ బాధ తక్కువ. అయితే అవి నాజిల్ కొసని మాత్రమే వెచ్చబరుస్తాయి, వెనక పైపునీ ట్యాంక్‌నీ కాదు. బలహీనమైన ఫ్లూయిడ్‌కి అవి మందు కాదు. వాటిలో ఒకదాని మీదే మంచు కరగకుండా మిగిలిపోతుంటే దాని కనెక్టర్ ఊడిందేమో చూడండి.

వెనక అద్దానికి మాత్రమే రావడం లేదు

వెనక పైపు చాలా పొడుగు. కారు లోపలి ప్యానెళ్ల చాటున వెళ్లి, డిక్కీ తలుపు మడత దగ్గర ఒంపు తిరుగుతుంది. అరుదుగా వాడతాం కాబట్టి పాత నీళ్లు నెలల తరబడి అందులోనే ఉంటాయి. కారు లోపల హీటర్ వేసి అరగంట తిరిగాక మళ్లీ చూడండి. ఇక్కడ బలవంతంగా నొక్కడం మరీ ప్రమాదం. జాయింట్ ఊడితే నీళ్లు కారు లోపల, రూఫ్ లైనింగ్ మీదకో కార్పెట్ కిందకో చేరతాయి. ఎక్కడో తడి వాసన వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే.

ఒక నాజిల్ వస్తోంది, ఇంకోటి రావడం లేదు

కరిగాక కూడా ఇలాగే ఉంటే అది ఐస్ కాకపోవచ్చు. వేర్వేరు కంపెనీల ఫ్లూయిడ్లు కలిపితే కొన్నిసార్లు వాటిలోని సబ్బు పదార్థాలు ఒకదానితో ఒకటి పడక జిగురులా, పొరల్లా విడిపోతాయి. అవి మోటార్ ముందున్న జల్లెడలోనో, తుంపర్లుగా చల్లే నాజిల్ సన్నటి దారిలోనో అడ్డుపడతాయి. ట్యాంక్ ఖాళీ చేసి, శుభ్రమైన నీటితో కడిగి, ఒకే రకం ఫ్లూయిడ్ నింపాలి. కడగడం గడ్డకట్టే చలిలో కాదు, కాస్త వెచ్చని రోజు చూసుకుని.

కరిగాక కారు కింద మడుగు

నీరు ఐస్‌గా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ట్యాంక్ పగలడానికి, మోటార్ కూర్చునే రబ్బరు బుష్ జరగడానికి అది చాలు. మడుగు ఎక్కడ ఉందో చూడండి. ట్యాంక్ కిందే ఉంటే బుష్ లేదా పగులు, వాషర్ నొక్కినప్పుడు మాత్రమే కారితే పైపు జాయింట్.

ఏవి పోయకూడదు

ఇంజిన్ కూలెంట్ వద్దు. అద్దం మీద జిడ్డులా పూసుకుని ఎదుటి హెడ్‌లైట్ల వెలుగులో ఏమీ కనపడనివ్వదు, ఇథిలీన్ గ్లైకాల్ రకం విషం కూడా. ఉప్పు లోహాన్ని తింటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ నురగే తప్ప చలికి ఆగదు. వెనిగర్ ఒక్కటీ పోసినా ఒకటి రెండు డిగ్రీలకు మించి లాభం లేదు.

మిథనాల్ ఉన్న ఫ్లూయిడ్ చలికి బాగా ఆగుతుంది కానీ కొద్దిగా లోపలికి వెళ్లినా చూపు పోగొట్టగలదు, ప్రాణమూ తీయగలదు. యూరోపియన్ యూనియన్‌లో సామాన్య ప్రజలకు అమ్మే వాషర్ ఫ్లూయిడ్‌లో మిథనాల్ 0.6 శాతం లోపే ఉండాలన్న నిబంధన ఉంది. ఏ ఆల్కహాల్ రకమైనా కాన్సంట్రేట్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది. వేడి ఇంజిన్ మీద ఒలకనివ్వకండి, దగ్గర్లో నిప్పు ఉండనివ్వకండి. ట్యాంక్ ఖాళీ చేయాల్సి వస్తే పైపు పెట్టి నోటితో పీల్చకండి. చేతి పంపు వాడండి, లేదా మోటార్‌ని బుష్ నుంచి బయటికి లాగి కింద బకెట్ పెట్టి పట్టుకోండి.