నీటితో నిండిన నేల కుంగుబాటును మోడల్ చేయడం: ముందు చేతిలెక్క, తర్వాతే మెష్

నీటితో పూర్తిగా నిండిన బంకమట్టి పొర మీద విశాలంగా భారం వేసినప్పుడు, మొదటి క్షణంలో ఆ భారమంతా రంధ్రాల్లోని నీటి మీదే పడుతుంది. నీరు మెల్లగా బయటికి పోతున్నకొద్దీ భారం మట్టి రేణువులకు బదిలీ అవుతుంది, నేల కుంగుతుంది. దీన్ని ఒకే దిశలో లెక్కించే సిద్ధాంతాన్ని కార్ల్ టెర్జాగి 1920లలో ఇవ్వగా, 1941లో మారిస్ బియో దాన్ని మూడు దిశలకు విస్తరించాడు. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావరకు పరిష్కరించేది బియో సమీకరణాలనే.

ఆ సమీకరణాలు రెండు. మొదటిది బలాల సమతౌల్యం: మొత్తం ప్రతిబలం (ఏకాంక వైశాల్యంపై పడే బలం) నుంచి రంధ్ర పీడనాన్ని, అంటే రంధ్రాల్లోని నీటి పీడనాన్ని, తీసివేయగా మిగిలే ప్రభావక ప్రతిబలమే నేల ఆకారాన్ని మారుస్తుంది. రెండవది నీటి ద్రవ్యరాశి నిలకడ: ఒక చోట నేల ఎంత కుదించుకుపోతే, నీటి స్వల్ప సంపీడ్యతను మినహాయించి, అంత నీరు డార్సీ నియమం (పీడన తేడా ఎక్కువైనకొద్దీ నీరు వేగంగా పారుతుందనేది) ప్రకారం అక్కడి నుంచి బయటికి పోవాలి. పీడనం మొదటి దానిలోకి, ఘనపరిమాణపు మార్పు రెండవ దానిలోకి చొరబడతాయి కనుక రెండింటినీ కలిపే పరిష్కరించాలి.

అయితే ప్రతి సమస్యకూ ఈ శ్రమ అవసరం లేదు. ముందుగా ఒక చేతిలెక్క వేయండి. 4 మీటర్ల మందం, పైనా కిందా ఇసుక ఉన్న బంకమట్టి పొరను తీసుకుందాం. దాని పారగమ్యత, అంటే నీటిని పోనిచ్చే గుణం, సెకనుకు 10⁻⁹ మీటర్లు, పక్కలకు కదలనివ్వకుండా నొక్కినప్పటి దృఢత్వం 2 మెగాపాస్కల్‌లు అనుకుందాం. ఈ రెండింటి లబ్ధాన్ని నీటి ఏకాంక భారంతో భాగిస్తే కన్సాలిడేషన్ గుణకం (నీరు పోతూ నేల ఎంత త్వరగా కుంగుతుందో చెప్పే విలువ) సెకనుకు సుమారు 2×10⁻⁷ చదరపు మీటర్లు వస్తుంది. నీరు రెండు వైపులా పోతుంది కనుక ప్రవాహ మార్గం 2 మీటర్లే. 90 శాతం కుంగుబాటుకు టెర్జాగి సిద్ధాంతం ఇచ్చే ప్రమాణరహిత కాల గుణకం 0.848, దాన్ని మార్గపు వర్గంతో గుణించి కన్సాలిడేషన్ గుణకంతో భాగిస్తే దాదాపు 192 రోజులు. మన భారం కొన్ని గంటల్లో వచ్చి పోయేదైతే నీరు కదలదనుకోవచ్చు, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగేదైతే పీడనం నిలవదనుకోవచ్చు. ఆ రెండింటి మధ్య ఉన్నప్పుడే రెండు సమీకరణాలనూ కలిపి పరిష్కరించే సంయుక్త మోడల్ అవసరమవుతుంది.

సరిహద్దు షరతులను (అంచుల్లో ఏది కదలగలదు, నీరు ఎక్కడ పోగలదు అనేవాటిని) స్థానభ్రంశానికి, అంటే నేల కదలికకు, ఒకసారి, పీడనానికి ఒకసారి విడివిడిగా రాసుకోవాలి. నా దృష్టిలో ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది ఇదే. పై ఉదాహరణలో అడుగున ఇసుకకు బదులు నీరు పోనివ్వని రాయి ఉంటే మార్గం రెట్టింపై, కాలం నాలుగింతలవుతుంది. ఎంత మెరుగైన పదార్థ నమూనా వాడినా ఆ తప్పును సరిదిద్దలేం. స్వీయభారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ముందుగా సహజ స్థితిని సమతౌల్యానికి తెచ్చి, స్థానభ్రంశాలను సున్నా చేసిన తర్వాతే కొత్త భారం వేయాలి.

మెష్‌లో, అంటే నేలను చిన్న మూలకాలుగా విడగొట్టిన వలలో, స్థానభ్రంశానికి వర్గ ఫలనాలను, పీడనానికి సరళ ఫలనాలను వాడడం సురక్షితం. రెండింటికీ సరళ ఫలనాలే వాడితే, నీరు ఇంకా కదలని తొలి దశలో పక్కపక్క నోడ్‌ల (మూలకాలు కలిసే బిందువుల) వద్ద పీడనం ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఊగిసలాడుతుంది. టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు వెళ్లే కాలం) మరీ చిన్నదైనా, నీరు బయటికి పోయే అంచు దగ్గర ఇలాంటి ఊగిసలాటే కనిపిస్తుంది. స్టెప్‌ను ఇంకా తగ్గిస్తే సర్దుకుంటుందని తోచడం సహజమే కానీ, ఇక్కడ జరిగేది దానికి విరుద్ధం. ఒకే దిశలో, సరళ మూలకాలతో, ఇంప్లిసిట్ ఆయిలర్ పద్ధతి (ప్రతి స్టెప్‌ను దాని చివరి విలువలతో లెక్కించేది) వాడినప్పుడు స్టెప్ కనీసం మూలకం పొడవు వర్గాన్ని కన్సాలిడేషన్ గుణకానికి ఆరు రెట్లతో భాగించినంత ఉండాలి. మన మట్టికి 10 సెంటీమీటర్ల మూలకాలతో అది సుమారు రెండుంపావు గంటలు. తొలి నిమిషంలో ఏం జరుగుతుందో చూడాలంటే అంచు దగ్గర మూలకాలను 9 మిల్లీమీటర్ల కంటే చిన్నవిగా చేయాలి.

అసలు సమస్యకు పోయే ముందు ఇదే మోడల్‌తో ఒక నిలువు స్తంభాన్ని నడపండి. 100 కిలోపాస్కల్‌ల భారానికి పైన చెప్పిన బంకమట్టి పొర చివరికి 20 సెంటీమీటర్లు కుంగాలి, అందులో సగం సుమారు 45 రోజులకు రావాలి. ఇది కుదిరాక రెండో పరీక్ష పెట్టండి: రెండు పలకల మధ్య నొక్కిన, పక్కల నుంచి మాత్రమే నీరు పోయే దిమ్మె. అంచులు ముందుగా మెత్తబడి భారాన్ని నడుమకు నెడతాయి కనుక, మధ్యలో పీడనం మొదటి విలువను దాటి పెరిగి ఆ తర్వాతే తగ్గాలి. మాండెల్–క్రయర్ ప్రభావం అని పిలిచే ఈ పెరుగుదల కనిపించకపోతే, మీ మోడల్‌లో రెండు సమీకరణాలూ నిజంగా కలవలేదన్నమాట.

చివరగా పారగమ్యత సంగతి. ఇసుకకూ బంకమట్టికీ మధ్య ఇది లక్షల రెట్లు మారుతుంది, ఒకే పొరలో కూడా ప్రయోగశాల నమూనాకూ క్షేత్రానికీ పొంతన కుదరకపోవచ్చు. సన్నని ఇసుక చార ఒక్కటి ఉన్నా ప్రవాహ మార్గమే మారిపోతుంది. అందుకే ఒకే విలువతో ఒకే వక్రాన్ని ఇవ్వకుండా, పారగమ్యతను పదింతలు పెంచి ఒకసారి, పదో వంతుకు తగ్గించి మరొకసారి నడిపి, మూడు వక్రాలనూ కలిపి నివేదికలో చూపాలి.