ఉబ్బసానికి డిజిటల్ పరికరాలు: దేనితో మొదలుపెట్టాలి, ఎలా వాడాలి

ఉబ్బసం ఉన్నవారి ఇంట్లో ముందుగా ఉండవలసింది పీక్ ఫ్లో మీటరు. ఊపిరిని బలంగా వదిలినప్పుడు గాలి నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో బయటికి వస్తుందో చూపే ఈ చిన్న గొట్టానికి, మామూలు రకమైతే, బ్యాటరీ కూడా అక్కరలేదు. డిజిటల్ రకమైతే అంకెలను తనలోనే భద్రపరుస్తుంది లేదా ఫోనుకు పంపుతుంది. ఏది కొన్నా, అంతకుముందే ఛాతీ వైద్యుణ్ణి కలిసి, ఏ అంకె దగ్గర ఏ మందు ఎంత తీసుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి రావాలో తెలుగులో ఒక కాగితం మీద రాయించుకోవాలి. హైదరాబాదులో ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఆ కాగితం లేనిదే ఎంత ఖరీదైన పరికరమైనా అక్కరకు రాదు.

ఊదేటప్పుడు నిటారుగా నిలబడి, ముల్లును సున్నాకు దించి, గుండెల నిండా గాలి పీల్చి, పెదవులను గొట్టం చుట్టూ బిగించి ఒక్కసారిగా వదలాలి. మూడుసార్లు ఊది వాటిలో పెద్ద అంకెను రాసుకోవాలి, సగటు తీయకూడదు. ఉబ్బసం అదుపులో ఉన్న రెండు మూడు వారాలపాటు ఉదయం, సాయంత్రం ఇలా చేస్తే వచ్చే అత్యధిక అంకే మీ సొంత కొలబద్ద. అది 400 అనుకుంటే, 320కి పైన ఉన్నంతకాలం ఆకుపచ్చ, 200 నుంచి 320 దాకా పసుపు, 200కు దిగువన ఎరుపు. పసుపులోకి జారినప్పుడు కాగితంలో రాసిన మార్పును ఆనాడే మొదలుపెట్టాలి.

ఇన్‌హేలర్‌కు తగిలించే సెన్సర్ల విషయంలో తొందర వద్దని నా సలహా. ఇన్‌హేలర్ పట్టుకుంటే జీవితాంతం అలవాటవుతుందన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ఆయాసం తగ్గగానే రోజూ తీసుకోవలసిన మందును మానేయడానికి అదొక కారణం. మందు తీసుకున్న వేళలను నమోదు చేసే సెన్సర్ ఆ లోపాన్ని బయటపెడుతుంది, కానీ పొడి గుళిక వేసి పీల్చే రకానికి అది అమరకపోవచ్చు. పైగా తయారీదారు ఆపేస్తే అంతే: సెన్సర్ లోపలే అమర్చి ఉన్న డిజిహేలర్ అనే ఇన్‌హేలర్ అమెరికాలో 2018లో అనుమతి పొందింది, దాని అమ్మకాలు 2024లో నిలిచిపోయాయి. మిగిలిన మోతాదులను చూపే ఇన్‌హేలర్, ఫోనులో రెండు పూటలా అలారం చాలామందికి సరిపోతాయి. పీల్చే తీరును వీడియో తీసి వైద్యునికి చూపించడం అంతకంటే మేలు.

వేలికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని చూసే పల్స్ ఆక్సీమీటరును అతిగా నమ్మకూడదు. ఉబ్బసంలో రక్తంలోని ఆక్సిజన్ ఆలస్యంగా పడిపోతుంది కనుక 97 చూపుతున్నా ఆయాసంతో మాట తడబడుతుంటే అది ప్రమాదమే. నల్లని చర్మంపై ఉన్నదానికంటే ఎక్కువ చూపే అవకాశమూ ఉంది.

గాలి నాణ్యతకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ చూడవచ్చు. నగరం మొత్తానికి ఇచ్చే అంకెను కాక, సనత్‌నగర్, జూపార్కు వంటి గాలిని కొలిచే కేంద్రాలలో మీకు దగ్గరిదాన్ని ఎంచుకోవాలి. గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 200 దాటిన రోజున ఉదయపు నడకను మానుకోవడం మంచిది.

ఇంట్లో ఉన్న ఒకే ఫోను పనికి వెళ్లేవారి జేబులో ఉంటే, పిల్లవాడి అంకెలు దానిలో చిక్కుకుపోతాయి. అందుకే గోడకు ఒక నోటుపుస్తకం వేలాడదీసి, అంకెలను అందులోనూ రాయాలి.

ఎరుపు చూపినప్పుడు మళ్లీ మళ్లీ ఊదుతూ కూర్చోకుండా, కాగితంలో చెప్పినట్టు ఉపశమన ఇన్‌హేలర్‌ను (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గించేది) స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ఇస్తూ 108కి ఫోను చేయాలి. వైద్యుణ్ణి తిరిగి కలిసే రోజున నోటుపుస్తకంతో పాటు మీటరును, ఇన్‌హేలర్‌ను, స్పేసర్‌ను సంచిలో వేసుకుని వెళ్లి, ఆయన ఎదుటే ఊది, పీల్చి చూపించాలి.