స్క్రైబ్‌తో (మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషితో) ఎగ్జామ్ రాసేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ఉండేది), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్ బ్యాగులో పెట్టేస్కోండి, ఫోన్లో ఉంది కదా అనుకోవద్దు, ఫోన్ గేటు దగ్గరే తీసేసుకుంటారు.

స్క్రైబ్ కావాలని అప్లికేషన్‌లోనే టిక్ పెట్టాలి. స్క్రైబ్‌ని వాళ్ళే ఇస్తారా మనం తెచ్చుకోవాలా, ఎంతవరకు చదివినవాళ్ళు రావచ్చు అనేది నోటిఫికేషన్‌లో చదవండి.

ఎక్స్‌ట్రా టైమ్ గంటకి కనీసం 20 నిమిషాలు, అంటే 3 గంటల పేపర్‌కి ఇంకో గంట. కేంద్ర గైడ్‌లైన్స్‌లో ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్నవాటి ప్రింట్ తీస్కెళ్ళండి. నా డిగ్రీలో "టైమ్ అయిపోయిందమ్మా" అని పేపర్ లాగేస్కున్నారు, అప్పుడు నాకీ రూల్ తెలీదు, నోరు తెరవలేకపోయా, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే పేపర్ ఇవ్వకముందే ఎన్నింటికి అయిపోతుందో ఇన్విజిలేటర్‌తో చెప్పించుకోండి.

వైకల్యం 40 శాతం లేదు కాబట్టి స్క్రైబ్ ఇవ్వం అంటే ఒప్పుకోకండి. రాయడం నిజంగా కష్టమైతే 40 శాతం అక్కర్లేదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి డాక్టర్ సర్టిఫికెట్ మాత్రం ముందే తీస్కోండి.

స్క్రైబ్‌తో రెండు పాత పేపర్లైనా రాయించి చూడండి, ముఖ్యంగా లెక్కల్లో బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చెప్పడం అలవాటవ్వాలి.

ముందురోజు సెంటర్‌కెళ్ళి ర్యాంపు, బాత్రూమ్ చూసి రండి, రూమ్ పైన పడితే కింద ఇమ్మని అప్పుడే రాసివ్వండి.