కాంటూర్ నీడ, బ్రాంజర్ ఎండ: మన చామనఛాయకు, మన వేడికి తగ్గట్టు

మేకప్‌లో కాంటూర్ అంటే నీడ. బ్రాంజర్ అంటే ఎండ. రెండూ గోధుమరంగు డబ్బాల్లోనే వస్తాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి పూసేస్తుంటారు. పెళ్లి ఫొటోల్లో చెంపల మీద ఇటుకరంగు చారలు తేలేది అందుకే. నీడ లోతును చూపిస్తుంది, దానికి వెచ్చదనం (నారింజ ఛాయ) గానీ మెరుపు గానీ ఉండకూడదు. మెరిసేది ఏదైనా ముందుకు వస్తుంది తప్ప లోపలికి పోదు. ఎండ మాత్రం ఎత్తుగా ఉన్న చోటే తగులుతుంది: నుదుటి అంచు, చెంప ఎముక పైభాగం, ముక్కుదూలం. బ్రాంజర్ చోట్లు అవే. కొంచెం మెరిసినా నష్టం లేదు.

పని సగం రంగు ఎంచుకోవడంలోనే ఉంది. తెల్లని చర్మానికి చేసిన కాంటూర్‌లో తెల్ల పిగ్మెంట్ ఎక్కువ, ఎరుపు తక్కువ. దాన్ని చామనఛాయ మీద పూస్తే విభూతి రాసుకున్నట్టు బూడిదరంగు తేలుతుంది. మనకు చర్మం కంటే రెండు షేడ్లు ముదురుగా ఉండే కోకో రంగు సరిపోతుంది. ఇంకా నల్లని ఛాయకు లోపల కాస్త ఎరుపున్న ముదురు కాఫీ రంగు తీసుకోవాలి. బ్రాంజర్ ఒకటి, ఒకటిన్నర షేడు ముదురైతే చాలు. చామనఛాయకు బంగారు గోధుమ, నలుపుకు రాగిరంగు. పీచ్ రంగు బ్రాంజర్లు ముదురు చర్మం మీద సుద్దపొడిలా పేరుకుంటాయి, డబ్బాలో ఎంత ముద్దుగా కనబడినా వదిలేయండి.

షాపులో ట్యూబ్‌లైటు కింద చేతి మీద గీసి చూడటం దండగ. దవడ మీద అంగుళం గీత గీసి, వేలితో పలుచగా చేసి, బయటికి వచ్చి ఎండలో కాకుండా నీడపట్టున అద్దంలో చూసుకోండి. బూడిదగా ఉంటే ఎరుపు చాలలేదు. ఇటుకగా ఉంటే ఎరుపు ఎక్కువైంది. గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే షేడు సరిపోలేదు.

పెళ్లికూతుళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. నలుగు పెట్టాక పసుపు ఒకటి రెండు రోజులు చర్మానికి పట్టే ఉంటుంది. ఆ పచ్చదనం మీద వెచ్చని బ్రాంజర్ పడితే నారింజరంగే మిగులుతుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. దూదికి కొబ్బరినూనె అద్ది మెల్లగా తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో జిడ్డు పూర్తిగా తీసేయండి. ఫౌండేషన్ షేడును ముఖంతో కాకుండా మెడ కింది భాగంతో సరిచూసుకోండి. తలకు పెట్టిన నూనె కణతల మీదికి దిగినా ఇబ్బందే. పౌడర్ అక్కడ తడిసి మచ్చలు కడుతుంది. జడ వేసిన తర్వాత, మేకప్ మొదలుపెట్టే ముందు వెంట్రుకల అంచును టిష్యూతో అద్దాలి.

ఇక పూయడం. మాయిశ్చరైజర్ పలుచగా, సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవున, ఆపైన పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఆగకపోతే ఫౌండేషన్ కింద అది ఉండలు కడుతుంది. ఫౌండేషన్ వేశాక, పౌడర్ అద్దక ముందే క్రీమ్ కాంటూర్ పెట్టాలి. పౌడర్ మీద క్రీమ్ రాస్తే కింది పొర లేచి వస్తుంది. క్రీమ్ మీద క్రీమ్, పౌడర్ మీద పౌడర్ అని గుర్తుంచుకుంటే చాలు.

చెంపకు మూడు చుక్కలు, ఒక్కోటి బియ్యపు గింజంత. చోటు తెలుసుకోవడానికి చాలామంది బుగ్గలు లోపలికి పీలుస్తారు. అలా చేస్తే గుంట ఉన్నచోటు కంటే కిందికి జారి కనిపిస్తుంది, వదిలేసరికి రంగు నోటి పక్కన మిగిలిపోతుంది. దానికి బదులు వేలితో చెంప ఎముకను తడిమి, దాని కింది అంచు పట్టుకోండి. మొదటి చుక్క చెవి పక్కన, రెండోది మధ్యలో, మూడోది కంటి బయటి కొస నుంచి నిలువుగా దించిన గీత దగ్గర. అక్కడితో ఆపాలి. ముక్కు వైపు ఇంకా లాగితే ముఖం పీక్కుపోయి నాలుగు రోజులు జ్వరం పడి లేచినట్టుంటుంది. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దుతూ పైకి తీసుకెళ్లండి. కిందికి అద్దితే చెంప జారినట్టు కనిపిస్తుంది. చెవి దగ్గర ముదురుగా, ముందుకొచ్చేకొద్దీ మాయమయ్యేలా ఉండాలి.

ముక్కుకు చిన్న కోణపు బ్రష్ వాడండి. కనుబొమల లోపలి కొస నుంచి ముక్కుదూలానికి రెండు పక్కలా దారమంత సన్నని గీతలు దించండి. గీతల మధ్య జాగా ముక్కుదూలం వెడల్పుకు దగ్గరగా ఉండాలి. మరీ దగ్గరికి లాగితే ఎదురుగా బాగున్నా పక్క నుంచి చూసినవాళ్లకు చారలే కనిపిస్తాయి. ముక్కుపుడక ఉంటే ముక్కుపుటల మీద రంగు పెట్టకండి, దాని చుట్టూ పేరుకుంటుంది.

ఇంకా కాంటూర్ పెట్టే చోట్లు ముఖాన్ని బట్టి మారతాయి: గుండ్రటి ముఖానికి కణతల నుంచి దవడ దాకా పక్కలు, పొడవు ముఖానికి నుదుటి పై అంచు, గడ్డం కొస, చదరపు ముఖానికి దవడ మూలలు. అందరికీ అన్నీ అక్కర్లేదు. పాపిటబిళ్ల, బాసికం కట్టే పెళ్లికూతురికి నుదురు ఎలాగూ కప్పుకుపోతుంది, అక్కడి పని వదిలేయొచ్చు.

దీని మీద పౌడర్ అద్దాక బ్రాంజర్. మెత్తని పెద్ద బ్రష్‌ను డబ్బాలో ఒకసారే తిప్పి, పిడిని మణికట్టుకు తట్టి ఎక్కువైన పొడి రాల్చండి. కణత నుంచి చెంప ఎముక పైకి, అక్కడి నుంచి దవడ అంచుకు, 3 అంకె వేసినట్టు రెండో పక్క తిరగేసి. చివర బ్రష్ మీద మిగిలినదాన్ని మెడ మీదికి దించండి. ముఖం గోధుమగా, మెడ తెల్లగా ఉంటే ఎంత బాగా పూసినా మాస్కే. తడి ఆరని చోట పౌడర్ పడితే అక్కడే పట్టుకుని ముదురు మచ్చ అవుతుంది. దాన్ని రుద్దకండి, ఫౌండేషన్ మిగిలిన స్పాంజితో నాలుగుసార్లు అద్దితే సర్దుకుంటుంది.

పాతకాలపు రంగస్థలం మేకప్‌లో గీతలు ముదురుగా వేసేవారు, పదో వరుసలో కూర్చున్నవాడికి కనబడాలి కదా. కానీ ఫంక్షన్ హాల్లో అత్తగారు మూరెడు దూరంలో నిలబడి చూస్తుంది. గీత ఎక్కడ మొదలైందో కనబడకూడదు. అయితే ఎదురుగా పడే ఫ్లాష్, వీడియో లైట్లు ముఖాన్ని చదును చేస్తాయి కాబట్టి, అద్దంలో సరిపోయినదానికంటే కాస్త ఎక్కువ వేయడం మంచిది. ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకుంటే తెల్లపౌడర్ మెరుస్తోందో లేదో కూడా బయటపడుతుంది.

కర్నూలు, కడపల్లో వైశాఖం పెళ్లిళ్లంటే 40 డిగ్రీలు దాటిన ఎండ. ఆ నెలల్లో క్రీమ్ సగానికి తగ్గించి, దాని మీద అదే షేడు పౌడర్ కాంటూర్ ఒక పొర వేస్తే క్రీమ్ ఒక్కటే వేసినదానికంటే ఎక్కువసేపు నిలుస్తుంది. కాంటూర్ స్టిక్కును పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మెత్తబడకుండా గీత సన్నగా వస్తుంది. కారులో మాత్రం వదలకండి. చలికాలంలో అనంతపురం పొడిగాలికి పౌడర్ పగుళ్లు చూపిస్తుంది, అప్పుడు క్రీమ్ ఒక్కటే చాలు. చెమట పడితే పైట కొంగుతో తుడవొద్దు, టిష్యూను మడిచి అద్దండి. తుడిస్తే ఒక చెంప కాంటూర్ పోయి ఇంకోటి మిగులుతుంది.

బ్రష్‌లను వారానికోసారి కొంచెం బేబీ షాంపూతో కడిగి, కుచ్చు కిందికి ఉండేలా బల్ల అంచున ఆరబెట్టండి. నిలబెట్టి ఆరబెడితే నీళ్లు పిడిలోకి దిగి జిగురు వదులుతుంది. బోరునీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆఖరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేయండి, లేకపోతే కుచ్చు గట్టిపడి చెంప మీద గీతలు వేస్తుంది.