రోమ్, ఫ్లోరెన్స్‌లకు విద్యార్థి బృందాన్ని తీసుకెళ్లడం ఎలా?

వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో గైడు మాట్లాడకూడదు, ఫొటోలు తీయకూడదు. కాస్త గుసగుసలు వినిపించినా కాపలావాళ్లు నిశ్శబ్దం అంటూ హెచ్చరిస్తారు. బొమ్మలున్న పైకప్పు నేలకి సుమారు 20 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏం చూడాలో తెలియకుండా లోపలికి వచ్చిన విద్యార్థి ఐదు నిమిషాలు తల పైకెత్తి, మెడ నొప్పి పుట్టగానే దించేసి, బయటికి నడుస్తాడు. అందుకే ఈ యాత్రలో సగం పని విమానం ఎక్కకముందే, తరగతి గదిలోనే జరగాలి. మిగతా సగం వారాలు, వేళలు, టికెట్ల మీద పేర్లు జాగ్రత్తగా చూసుకోవడం.

1. ముందు వారాలు చూసి, ఆ తర్వాతే తేదీలు

దసరా సెలవులు దీనికి చక్కగా సరిపోతాయి. అప్పటికి జూలై, ఆగస్టు ఎండలు తగ్గుతాయి. రోమ్‌లో 4 రాత్రులు, ఫ్లోరెన్స్‌లో 4 రాత్రులు చాలు. వెనిస్, మిలాన్ కూడా కలిపేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దడం, స్టేషన్, గదుల పంపకం కలిపి పూట పైగానే పోతుంది.

ఏ వారం ఏది మూసి ఉంటుందో చూడకుండా విమానం టికెట్లు కొంటే తర్వాత సర్దుబాటు కుదరదు. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం విరగబడతారు కాబట్టి బృందంతో వెళ్లకండి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ, అకాడెమియా గ్యాలరీలు సోమవారం తెరవరు. బుధవారం ఉదయం పోపు గారు రోమ్‌లో ఉంటే సెయింట్ పీటర్స్ చౌకంలో జన దర్శనం ఉంటుంది, అది ముగిసేదాకా బసిలికాలోకి, అంటే అక్కడి పెద్ద చర్చిలోకి, మామూలు సందర్శకులను రానివ్వరు. ఇవన్నీ కలిపి చూస్తే ఒక వరస కుదురుతుంది: బుధవారం రోమ్ చేరడం, గురువారం పాంథియన్, దాని చుట్టుపక్కల చర్చిలు, శుక్రవారం వాటికన్, శనివారం కొలోసియం (పాతకాలపు రోమన్ క్రీడా రంగస్థలం), ఆదివారం రైల్లో ఫ్లోరెన్స్, సోమవారం అక్కడి పెద్ద గుమ్మటం, మంగళవారం ఉఫీజీ, బుధవారం అకాడెమియా, గురువారం తిరుగు ప్రయాణం.

2. ఎంతమంది?

27 మంది విద్యార్థులు, 3 టీచర్లు. ఒక్కో టీచరుకు 9 మంది. అమ్మాయిలుంటే కనీసం ఒక మహిళా టీచరు ఉండి తీరాలి. ప్రతి విద్యార్థికీ ఒక అంకె ఇవ్వండి. తలలు లెక్కపెట్టే బదులు ఒకటి, రెండు, మూడు అని పిల్లలే పలకాలి. తలలు లెక్కపెడితే పక్కన నిలబడ్డ వేరే బృందం పిల్లవాడు కూడా లెక్కలో కలిసిపోతాడు. అంకె పలకకపోతే ఎవరు లేరో అక్కడికక్కడే తెలుస్తుంది.

3. పాస్‌పోర్టు, వీసా

ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు చివరి తేదీ 15 రోజుల ముందు అని ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు. దరఖాస్తు కేంద్రంలో 30 మందికి ఒకేసారి వేళ దొరకడం కష్టం, నాలుగు నెలల ముందే కదలండి. పాస్‌పోర్టు ఇచ్చి 10 ఏళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. 18 ఏళ్లు నిండని పిల్లలకు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అంగీకార పత్రం, వాళ్ల గుర్తింపు కార్డుల నకళ్లు జతచేయాలి. తల్లి ఒకచోట, తండ్రి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో ఈ సంతకం దగ్గరే ఆలస్యమవుతుంది. ఆ పని మొదటి వారంలోనే మొదలుపెట్టించండి.

మన దగ్గర ఎక్కువగా దెబ్బతీసేది పేరు. కాలేజీ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. కొలోసియం టికెట్లు పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపు పత్రంతో పోల్చి చూస్తారు. కాబట్టి పేర్ల జాబితా కాలేజీ రిజిస్టరు నుంచి ఎత్తి రాయకండి. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటోలు తెప్పించుకుని, వాటిని చూసే టైపు చేయించండి. ఆపై ఇంకొకరితో అక్షరం అక్షరం సరిచూపించండి.

4. కథలు చెప్పండి, లేపాక్షిలో సాధన చేయించండి

ఇదే అన్నిటికంటే విలువైన పని, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. అర్జునుడు, కిరాతుడు ఎవరో తెలియనివాడికి లేపాక్షి కప్పు మీద బొమ్మలు రంగుల గుంపులాగే కనిపిస్తాయి. నోవహు ఓడ, దావీదు గొల్యాతుల కథ తెలియనివాడికి రోమ్, ఫ్లోరెన్స్ కూడా అంతే. వారానికి ఒక గంట చొప్పున ఆరు వారాలు కేటాయించండి. ఆదాము హవ్వలు, నోవహు, మోషే, దావీదు, మరియమ్మకు దేవదూత కబురు, సిలువ, అంతిమ తీర్పు. వీటితో పాటు పేతురు, మత్తయి. ఈ కథలు తెలిస్తే అక్కడ చూసేవాటిలో చాలా భాగం అర్థమవుతుంది. బృందంలో క్రైస్తవ కుటుంబాల పిల్లలుంటే వాళ్లతోనే చెప్పించండి, చిన్నప్పటి నుంచీ విన్న కథలు కాబట్టి టీచర్లకన్నా బాగా చెబుతారు.

ప్రయాణానికి నెల ముందు ఒక రోజు లేపాక్షి వెళ్లండి. వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు విజయనగర కాలానివి, ఆ ఆలయం అచ్యుతదేవరాయల ఏలుబడిలో, అంటే 1529, 1542 మధ్య రూపుదిద్దుకుంది. ఇటలీ శిల్పి, చిత్రకారుడు మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ గోడ మీద అంతిమ తీర్పు చిత్రించింది 1536 నుంచి 1541 వరకు. ఇక్కడ మన చిత్రకారులు, అక్కడ ఆయన, ఇంచుమించు ఒకే కాలంలో పనిచేశారు. ఈ మాట విన్న పిల్లలు రోమ్‌ను పరాయి ఊరుగా చూడరు.

లేపాక్షిలో మూడు పనులు చేయించండి. ఒకటి, మాటలు లేకుండా 15 నిమిషాలు ఒక్క బొమ్మనే చూడడం. రెండు, అరచేతిలో పట్టే చిన్న అద్దాన్ని నడుము ఎత్తున పట్టుకుని కప్పును అందులో చూడడం, దీంతో మెడ నొప్పి ఉండదు. ఎడమ కుడి తారుమారవుతాయని మాత్రం గుర్తుంచుకోవాలి. మూడు, అంకెలు పలుకుతూ బస్సు ఎక్కడం, దిగడం.

5. టికెట్లు

ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు ఏ దేశం వారికైనా 18 ఏళ్లు నిండకపోతే ఉచితం, బుకింగ్ రుసుము మాత్రం పడొచ్చు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వారికి ఉండే రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకే. అంటే ఇంటర్ పిల్లలకు చాలావరకు ఉఫీజీ ఉచితం, డిగ్రీ పిల్లలకు పూర్తి ధర. ఖర్చు లెక్క వేసేటప్పుడు పుట్టిన తేదీ గడి కూడా పెట్టుకోండి. వాటికన్ వేరే దేశం, దాని నియమాలు వేరు. అక్కడ 25 ఏళ్ల లోపు విద్యార్థులకు కార్డు చూపిస్తే తగ్గింపు ఇస్తారు, కాబట్టి కాలేజీ గుర్తింపు కార్డు గడువు తీరిపోకుండా చూసుకోండి.

వాటికన్‌కు సుమారు 60 రోజుల ముందు, కొలోసియంకు 30 రోజుల ముందు టికెట్లు విడుదలవుతాయి. ఆ ఉదయమే కూర్చుని కొనండి. వాటికన్ మ్యూజియాల్లోనూ బసిలికాలోనూ బృందాలు చెవికి పెట్టుకునే హెడ్‌సెట్లు వాడాలి, బుకింగ్‌తోపాటే తీసుకోండి. వీధిలో దగ్గరికొచ్చి వరుస లేకుండా లోపలికి పంపిస్తామనేవాళ్ల దగ్గర టికెట్ కొనకండి.

6. సామాను, తిండి

కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లొచ్చు. పెద్ద పెట్టెలో, రెండు కవర్లలో కట్టి పెట్టండి. నెయ్యి, కోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది, కస్టమ్స్‌లో పట్టుకుంటే పారేస్తారు. అమ్మమ్మ కట్టిచ్చిన సీసా అయినా సరే.

శాకాహారులకు మరినారా పిజ్జా నిశ్చింత. పేరు విని చేపలుంటాయనుకోకండి, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. జున్ను కూడా ఉండదు. కూరగాయల సూపును మాంసం ఉడికించిన నీళ్లతో చేయడం కద్దు, అడిగి తాగాలి. పర్మెజాన్ జున్ను తయారీలో దూడ పొట్టలోని పదార్థం వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లకు ఇది ముందే చెప్పండి. మాన్జో అంటే ఆవు మాంసం, వితెల్లో అంటే దూడ మాంసం. ఈ రెండు మాటలూ అందరూ కంఠస్థం చేయాలి. రోమ్ వీధుల్లో ఎడతెగకుండా పారే ఇనుప కుళాయిల నీళ్లు తాగొచ్చు, ఒక్కొక్కరు ఒక స్టీలు సీసా తెచ్చుకుంటే సరి.

చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, మగపిల్లలకూ ఇదే నియమం. నిక్కర్లతో వస్తే సెయింట్ పీటర్స్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. మన చున్నీ ఇక్కడ బాగా అక్కరకొస్తుంది, టీచరు సంచిలో ఐదు అదనంగా ఉంచండి.

7. రోమ్‌లో

చర్చిలో చెప్పులు విప్పక్కర్లేదు, మగవాళ్లు టోపీ తీయాలి. పూజ జరుగుతుంటే వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. గురువు తెల్లని అప్పం పంచుతుంటే ప్రసాదమనుకుని మన పిల్లలు వరుసలో నిలబడే ప్రమాదం ఉంది. అది దివ్యసత్ప్రసాదం, కథోలికులకు మాత్రమే. ముందే చెప్పకపోతే పిల్లలదేం తప్పు లేదు, తప్పు మనది.

గురువారం పొద్దున్నే నవోనా చౌకం దగ్గరున్న సాన్ లూయిజీ దేయి ఫ్రాన్చేజీ చర్చికి వెళ్లండి. ప్రవేశం ఉచితం, కానీ మధ్యాహ్నం మూసేస్తారు. ఎడమవైపు చివరి గదిలో కరవాజ్జో వేసిన మత్తయి చిత్రాలు మూడుంటాయి. గది చీకటిగా ఉంటుంది. పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. ఒక యూరో నాణేలు పది దగ్గరుంచుకోండి. ఎడమ గోడ మీది చిత్రంలో పన్నులు వసూలు చేసేవాళ్లు బల్ల చుట్టూ నాణేలు లెక్కపెడుతుంటారు. కుడివైపు నుంచి యేసు చెయ్యి చాపుతాడు, ఆ చేతి మీదుగా వెలుతురు పడుతుంది. మణికట్టు దగ్గర కాస్త వాలిన ఆ చేతిని పిల్లలు కాగితం మీద గీసుకోవాలి. మర్నాడు సిస్టీన్ కప్పు మీద ఆదాము చేతిని చూసినప్పుడు, కరవాజ్జో ఎక్కడి నుంచి తీసుకున్నాడో వాళ్లకే తెలుస్తుంది.

అక్కడి నుంచి పాంథియన్ ఐదు నిమిషాల నడక. ఒకప్పటి రోమన్ దేవాలయం, 609 నుంచి చర్చి. గుమ్మటం అడ్డుకొలత 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. నడినెత్తిన తెరిచిన కన్ను ఉంటుంది, వాన నేరుగా లోపల పడుతుంది. నేల మీద నీళ్లు పోయే రంధ్రాలను వెతకమనండి.

శుక్రవారం వాటికన్‌కు 8 గంటల వేళ తీసుకోండి. ఒట్టావియానో మెట్రోలో దిగాలి. మెట్రోలో ఒక నియమం: తలుపులు మూసుకుని ఎవరైనా విడిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి ఆగాలి, మిగిలిపోయినవాళ్లు వెనక రైల్లో రావాలి. ఈ దారిలో జేబుదొంగలెక్కువ, సంచులు ముందుకు తగిలించుకోవాలి.

చాపెల్‌లో మాట్లాడకూడదు కాబట్టి చెప్పాల్సిందంతా మ్యూజియాల్లోని పైన్‌కోన్ ప్రాంగణంలోనే చెప్పేయండి, అక్కడ బొమ్మల పలకలుంటాయి. కప్పు నడుమ ఆదికాండం దృశ్యాలు తొమ్మిది. బలిపీఠం వైపు నుంచి లెక్కపెడితే ఆదాము సృష్టి నాలుగోది. మైకెలాంజెలో 1508లో మొదలుపెట్టింది ఎదురు చివర, నోవహు వైపు నుంచి. అక్కడ జలప్రళయంలో మనుషులు చిన్నగా, కిక్కిరిసి ఉంటారు. కింద నుంచి సరిగా ఆనడం లేదని తెలిశాక బొమ్మలు తగ్గించి, పెద్దవి చేస్తూ వచ్చాడు. ఆ మార్పు ఎక్కడ మొదలైందో పట్టుకోమనండి. లోపలికి వెళ్లగానే బలిపీఠానికి ఎదురు చివరికి నడిచి వెనక్కి తిరగండి, అంతిమ తీర్పు మొత్తం కనిపిస్తుంది. గోడల వెంట అరుగులు ఖాళీ అయితే కూర్చోండి. అరగంటకు తగ్గొద్దు.

మ్యూజియం గుమ్మం, బసిలికా గుమ్మం వేరువేరు. గోడ వెంట 15 నిమిషాలు నడిచి, మళ్లీ తనిఖీ వరుసలో నిలబడాలి. బసిలికాలో కుడివైపు మొదటి గదిలోనే పియెటా, చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ శిల్పం, మైకెలాంజెలోదే. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక అద్దం అమర్చారు. మరియమ్మ ఛాతీ మీది పట్టీలో శిల్పి పేరు చెక్కి ఉంది, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడాలి.

శనివారం కొలోసియంకు అసలు పాస్‌పోర్టులు కావాలి, మిగతా రోజుల్లో నకళ్లు చాలు. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం, తర్వాత రోమ్‌లోని భారత రాయబార కార్యాలయం. అక్కడ ఇచ్చే అత్యవసర పత్రంతో ఇంటికి మాత్రమే రాగలరు.

8. ఫ్లోరెన్స్‌లో

రోమా తెర్మిని నుంచి వేగరైలులో గంటన్నర. సోమవారం పెద్ద చర్చి మీద బ్రూనెల్లెస్కీ కట్టిన గుమ్మటం: 463 మెట్లు, లిఫ్ట్ లేదు, దారి ఇరుకు, ఎక్కే వేళ ఒకసారి తీసుకుంటే మార్చరు. ఆయాసం, గుండె జబ్బు, ఇరుకంటే భయం ఉన్నవాళ్లు కింద ఒక టీచరుతో ఉండిపోవాలి. పెద్ద సంచులు రానివ్వరు. మంగళవారం ఉఫీజీలో గదులన్నీ తిరగాలనే ఆశ పెట్టుకోకండి. ఆరు చిత్రాలు ఎంచుకుని ఒక్కోదానికి పది నిమిషాలివ్వండి.

బుధవారం అకాడెమియా. దావీదు విగ్రహం ఎత్తు 5.17 మీటర్లు, మైకెలాంజెలో 1501, 1504 మధ్య చెక్కింది. చౌకంలో నిలబెట్టి ఉన్నది నకలు, అసలుది 1873లో ఇక్కడికి తెచ్చారు. అందరూ ముందు నిలబడి ఫొటో తీసుకుంటారు. మీ బృందాన్ని అతని కుడి చేతి వైపుకి తీసుకెళ్లండి. అరచేతి వెనక నరాలు ఉబ్బి ఉంటాయి, చెయ్యి ఒంటికి మించి పెద్దది. పిల్లలకు పెన్సిల్ ఇచ్చి ఆ చేతిని గీయమనండి, 20 నిమిషాలు. కళ్లు ఎటు చూస్తున్నాయో, గొల్యాతు ఎక్కడున్నాడో వాళ్లనే అడగండి. తర్వాత అంకెలు పలికించి, బయటికి రండి.