బీఈడీ కాలేజీ ప్లానింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక్క తీర్మానం వెంట

పోయిన పాఠంలో ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్ కాలేజీలకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి) అడిగే 200 పనిదినాలను క్యాలెండర్ మీద వేసి చూసుకున్నాం. అడ్మిషన్లు, పరీక్షలు పోను 200 మిగలాలి. ఆ క్యాలెండర్ పక్కనే పెట్టుకోండి, ఇవాళ దాంతో పని ఉంది.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒకటే. ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే అంతర్గత కమిటీ) మీటింగులో తీర్మానం ఎలా రాయాలి, రాశాక అది ఏ ఏ కాగితాల మీదుగా ఏక్యూఏఆర్ (ఆ కమిటీ ఏటా న్యాక్‌కు పంపే నాణ్యతా నివేదిక) దాకా చేరాలి. ఉదాహరణకు ఇంటర్న్‌షిప్, అంటే బీఈడీ విద్యార్థులు బడికి వెళ్లి పాఠాలు చెప్పే శిక్షణ, తీసుకుంటున్నాను. బీఈడీ కాలేజీలో దానికన్నా పెద్ద పని నాకు కనబడలేదు.

ముందు ఒక అనుభవం చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) పీర్ టీమ్, అంటే తనిఖీ బృందం, వచ్చింది. ఇంటర్న్‌షిప్ గురించి హెడ్మాస్టర్ల అభిప్రాయం ఎప్పుడైనా తీసుకున్నారా అని అడిగారు. తీసుకున్నాం. పదిమంది హెడ్మాస్టర్లు బడి పని వదిలి, బస్సుల్లో వచ్చి, రెండు గంటలు మాట్లాడారు. మా పిల్లలు, అంటే ఛాత్రోపాధ్యాయులు (బీఈడీ విద్యార్థులు), లెసన్ ప్లాన్ చూసి చదువుతున్నారే తప్ప నల్లబల్ల వాడటం లేదని ఒకరు, ప్రార్థన సమయానికి రావడం లేదని ఇంకొకరు చెప్పారు. అన్నీ పనికొచ్చే మాటలే. మినిట్స్ బుక్కు తెరిస్తే అందులో ఒక్క లైను: "ఇంటర్న్‌షిప్ గురించి చర్చించడమైనది." వచ్చినవాళ్ల సంతకాల షీటు కూడా లేదు. "నిజంగానే పిలిచాం సార్" అన్నాను. టీమ్ సభ్యుడు మర్యాదగా తలూపి పేజీ తిప్పారు. మార్కులు పోయినందుకు కాదు, ఆ పదిమంది చెప్పిన మాటలు మా చేతుల్లోనే పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఇక పనిలోకి వద్దాం. మన కాలేజీల్లో మామూలుగా రాసే తీర్మానం ఇది:

"ఈ విద్యా సంవత్సరం ఇంటర్న్‌షిప్‌ను సమర్థవంతంగా నిర్వహించాలని తీర్మానించడమైనది."

ఇది జరిగిందో లేదో ఏడాది తర్వాత ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. ఎవరు చేయాలో లేదు, ఎప్పటిలోగా చేయాలో లేదు, ఎన్ని బడులో లేదు. దీన్నే ఇలా రాసి చూడండి:

"రెండో సంవత్సరం ఛాత్రోపాధ్యాయులు 100 మందికి 16 వారాల ఇంటర్న్‌షిప్ ఆగస్టు మొదటి సోమవారం మొదలుపెట్టాలి. బడికి ఐదుగురు చొప్పున 20 ఉన్నత పాఠశాలలను ఎంచుకోవాలి. ఇంటర్న్‌షిప్ ఇన్‌చార్జి బడుల జాబితాను జూన్ 30 లోగా ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలి. డీఈఓ (జిల్లా విద్యాధికారి) అనుమతి కోసం జూలై 5 లోగా లేఖ పంపాలి. సూపర్‌వైజర్ ప్రతి బడికి రెండు వారాలకోసారి వెళ్లి పరిశీలన షీటు నింపాలి."

ఇందులో ప్రతి వాక్యాన్నీ తర్వాత పట్టుకుని అడగొచ్చు. అయినా సంతకం పెట్టేముందు లెక్క వేయండి. 20 బడులు, రెండు వారాలకోసారి అంటే బడికి 8 సార్లు, మొత్తం 160 విజిట్లు. రెండు యూనిట్ల (యూనిట్‌కు 50 సీట్లు) కాలేజీకి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం ప్రిన్సిపాల్‌తో కలిపి 16 మంది ఫుల్‌టైమ్ అధ్యాపకులు ఉండాలి. ప్రిన్సిపాల్ పోను 15 మంది ఉంటే ఒక్కొక్కరికి దాదాపు 11 విజిట్లు. ఫర్వాలేదు. మీ దగ్గర తొమ్మిది మందే ఉంటే? ఒక్కొక్కరికి 18 దాకా వస్తాయి, మొదటి సంవత్సరం క్లాసులు కూడా వాళ్లే చెప్పాలి. అప్పుడు తీర్మానాన్నే మార్చండి. నాలుగు వారాలకోసారి విజిట్, మధ్యలో బడిలోని మెంటర్ టీచర్ వారం వారం నింపే షీటు. జరగని 160 రాసేకన్నా జరిగే 80 రాయడమే సరైన ప్లానింగ్ అని నా అభిప్రాయం.

ఇప్పుడు తేదీ. ఆగస్టు అని ఎందుకు రాశాం? క్యాలెండర్ తీయండి. మన తెలంగాణ బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. ఆగస్టు మొదటి సోమవారం నుంచి 16 వారాలంటే నవంబర్ చివరికి వస్తుంది. బతుకమ్మ, దసరా సెలవుల రెండు వారాలు కలిపితే డిసెంబర్ మొదటి సగంలో ముగుస్తుంది. ఎస్ఏ-1 (బడుల్లో మొదటి సమ్మేటివ్) పరీక్షలు మధ్యలో పడతాయి, మంచిదే. ప్రశ్నపత్రం తయారు చేయడం, పేపర్లు దిద్దడం మన ఛాత్రోపాధ్యాయులు అక్కడే చూస్తారు.

ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ ఆలస్యమై ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి జరిగిందనుకోండి. అప్పుడు చివరి నుంచి లెక్కపెట్టాలి. మార్చిలో పదో తరగతి పరీక్షలు, నెల మధ్యకు ఒంటిపూట బడులు. ఇక పాఠం చెప్పడానికి పీరియడ్ దొరకదు. మార్చి 1 నుంచి 16 వారాలు, సంక్రాంతికి ఇంకో వారం వెనక్కి వెళ్తే నవంబర్ మొదటి వారం వస్తుంది. అది దాటితే మీ 16 వారాలు కాగితం మీద తప్ప బడిలో పూర్తి కావు. మొదటి సంవత్సరంలోని 4 వారాలు దీనికి వేరు. వారాల పంపకం ఎట్లా ఉందో మీ యూనివర్సిటీ సిలబస్‌లో ఒకసారి చూసుకోండి.

బడుల ఎంపిక దగ్గర పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) వాళ్లకు ఒక చిక్కు ఉంది. 2016కు ముందు ఉమ్మడి జిల్లా అంతటికీ ఒకే డీఈఓ ఆఫీసు. ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరు, 2019 నుంచి నారాయణపేట కూడా వేరు. జడ్చర్ల, దేవరకద్ర, హన్వాడ బడులకైతే మహబూబ్‌నగర్ డీఈఓ లేఖ చాలు. అచ్చంపేట అమ్మాయి సొంతూరి బడిలో చేస్తానంటే నాగర్‌కర్నూల్ డీఈఓకు వేరే లేఖ వెళ్లాలి. నల్గొండ వాళ్లకూ అంతే, సూర్యాపేట, భువనగిరి ఇప్పుడు వేరే జిల్లాలు. కాబట్టి జాబితాను జిల్లాల వారీగా విడగొట్టి రాయండి. ప్రతి బడి పక్కన ఏ ఏ సబ్జెక్టుల టీచర్లు ఉన్నారో కూడా రాయండి. జీవశాస్త్రం మెథడ్ (ఆ సబ్జెక్టు బోధన నేర్చుకునే) పిల్లను ఆ టీచరే లేని బడికి పంపితే పదహారు వారాలూ ఆమె ఎవరిని చూసి నేర్చుకోవాలి?

తీర్మానం అయ్యాక కాగితాల నడక ఇది. డీఈఓకు లేఖ, మీ డిస్పాచ్ నంబరుతో. అక్కడి నుంచి వచ్చిన అనుమతి, మీ ఇన్‌వార్డ్ నంబరుతో. ఎవరు ఏ బడికో చెప్పే అలాట్‌మెంట్ ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు). బడిలో హాజరు, హెచ్.ఎం. సంతకంతో (ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం తప్పనిసరి). సూపర్‌వైజర్ పరిశీలన షీట్లు. చివర్లో హెడ్మాస్టర్ల సమీక్ష. జియోట్యాగ్ ఫొటోలు ఉండాలి కానీ వాటి మీదే ఆధారపడొద్దు. ఫొటోలో మనుషులు కనబడతారు, వాళ్లేమన్నారో వినబడదు. టీచర్ ఎడ్యుకేషన్ కాలేజీల న్యాక్ మాన్యువల్‌లో రెండో క్రైటీరియన్ (ప్రమాణం) ఇంటర్న్‌షిప్ ప్లానింగ్, బడికి సగటున ఎందరు, పర్యవేక్షణ ఎలా, మార్కులు ఎవరెవరు వేస్తారు అని అడుగుతుంది. ఈ కాగితాలుంటే జవాబు కోసం వెతుక్కోనక్కర్లేదు. డీవీవీ (న్యాక్ తరఫున మనమిచ్చిన వివరాలు సరిచూసే) వాళ్లు స్పష్టత అడిగినప్పుడు టెన్షన్ ఉండదు. న్యాక్ గ్రేడింగ్ పద్ధతి మారుతుందని 2024 నుంచి వింటున్నాం. ఏ పద్ధతి వచ్చినా అడిగేది వీటినే అనుకుంటున్నాను.

ఐక్యూఏసీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి, మూడింట రెండు వంతుల సభ్యులు ఉండాలి. ఇంటర్న్‌షిప్ బడి హెడ్మాస్టర్ ఒకరిని సభ్యుడిగా తీసుకోండి. మన పిల్లలకు రేపు ఉద్యోగమిచ్చే లోకం నుంచి వచ్చే మనిషి ఆయనే.

తర్వాతి మీటింగులో మొదటి అంశం యాక్షన్ టేకెన్ రిపోర్ట్, అంటే పోయిన తీర్మానాల మీద ఏం చేశామో చెప్పే నివేదిక. ఏక్యూఏఆర్‌లోకి చేరేది ఇదే. ఇక్కడ చాలామంది "అమలు చేయడమైనది" అని రాసి వదిలేస్తారు. జరగనిది కూడా రాయండి. ఇలా:

"20 బడుల్లో 17 చోట్ల అనుకున్న తేదీకే మొదలైంది. మూడు బడుల్లో జీవశాస్త్రం టీచర్ పోస్టు ఖాళీగా ఉన్నందున ఆరుగురిని పక్క బడులకు మార్చాం. మార్పు ప్రొసీడింగ్స్ జతచేశాం. వచ్చే ఏడాది జాబితాకు ముందే ఖాళీల వివరాలు ఎంఈఓల (మండల విద్యాధికారుల) దగ్గర తీసుకోవాలి."

చివరి వాక్యం చూడండి, అది వచ్చే ఏడాది తీర్మానం. రాసేటప్పుడే దాన్ని కొత్త ఎజెండాలోకి ఎక్కించండి.

అభ్యాసం: మీ కాలేజీ మినిట్స్ బుక్కులో నిరుటి తీర్మానం ఒకటి తీసుకోండి. దాన్ని ఎవరు, ఎప్పటిలోగా, ఎన్ని అనే మూడు ప్రశ్నలకు జవాబు వచ్చేలా తిరగరాయండి. పాత పుస్తకంలో మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఇది మీ నోట్‌బుక్కులో చేసే పని. తర్వాత దానికి ఆధారంగా ఉన్న కాగితాలు ఆఫీసులో ఎన్ని దొరుకుతాయో సూపరింటెండెంట్ గారిని అడిగి వెతకండి. దొరకనివి విడిగా రాసిపెట్టుకోండి. 5వ పాఠం ఆ జాబితాతోనే మొదలవుతుంది.